కౌన్సెలర్ నుంచి క్లినికల్ సూపర్‌వైజర్: మా అమ్మాయి ఇప్పుడే ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది నిజామాబాద్. మా అమ్మాయి ఎమ్మెస్సీ సైకాలజీ చేసి, హైదరాబాద్‌లో ఒక డి-అడిక్షన్ సెంటర్‌లో మూడేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తోంది. కొత్తగా చేరిన ముగ్గురు కౌన్సెలర్లకు నువ్వే సూపర్‌వైజర్‌గా ఉండు అంటున్నారట. రెండు రోజుల ఆన్‌లైన్ ట్రైనింగ్ చేసి ఒప్పుకుంటానంటోంది. టెక్సస్‌లో ఉన్న మా మేనకోడలేమో అక్కడ దీనికి పెద్ద తతంగమే ఉంటుందని చెబుతోంది. మన దగ్గర ఈ లైనుకు భవిష్యత్తు ఉందా?

జవాబు: సార్, భవిష్యత్తు ఉంది. కానీ రెండు రోజుల కోర్సుతో సూపర్‌వైజర్ అయిపోవచ్చని మాత్రం మీరూ అనుకోకండి, అమ్మాయినీ అనుకోనివ్వకండి.

మీ మేనకోడలు చెప్పింది నిజమే. టెక్సస్‌లో మాస్టర్స్ అయ్యాక కౌన్సెలర్ లైసెన్స్ పూర్తిగా చేతికి రావాలంటే 3,000 గంటలు సూపర్‌వైజర్ కింద పనిచేయాలి, అందులో 1,500 గంటలు నేరుగా క్లయింట్లతోనే. ఆ సూపర్‌వైజర్ కూడా కొన్నేళ్లు లైసెన్స్‌తో పనిచేసి, 40 గంటల శిక్షణ తీసుకుని బోర్డు అనుమతి పొంది ఉండాలి. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టులకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంది గానీ, డి-అడిక్షన్ కౌన్సెలర్లను సూపర్‌వైజ్ చేసేవాళ్లకు అలాంటి లైసెన్సేదీ లేదు. అందుకే చాలాచోట్ల ఎవరు సీనియర్ అయితే వాళ్లకే ఆ పని అంటగడతారు.

ఆ పనంటే కేస్ షీట్లు నిండాయా, ఎవరు లీవు పెట్టారు అని చూడటం కాదు. కొత్త కౌన్సెలర్ ఒకతను, క్లయింటు రాతపూర్వక అనుమతితో రికార్డు చేసిన సెషన్‌లోంచి ఐదు నిమిషాలు వినిపిస్తాడు. "పిల్లల మొహం చూసైనా మానెయ్యాలి కదన్నా" అంటుంటాడు అందులో. అవతలి మనిషి "సరే సార్, సరే సార్" అంటుంటాడు. సెషన్ బాగా జరిగిందనే కౌన్సెలర్ నమ్మకం. సూపర్‌వైజర్ అక్కడ ఆపి, ఇందులో ఆయన తనంతట తానుగా అన్నమాట ఒక్కటి చూపించు అంటుంది, ఒక్కటీ దొరకదు. నువ్వు ఎన్ని ప్రశ్నలు వేశావో, ఆయన చెప్పింది నీకు అర్థమైందని ఎన్నిసార్లు తిరిగి చెప్పావో లెక్కపెట్టు అంటుంది. తర్వాత తనే క్లయింటుగా కూర్చుని ఆ ఐదు నిమిషాలు మళ్లీ చేయిస్తుంది. ఇదంతా అతను చిన్నబోకుండా జరగాలి. మంచి కౌన్సెలర్లు కూడా ఇక్కడే తడబడతారు, కొందరు ఆగలేక కేసు తామే తీసేసుకుంటారు, ఇంకొందరు నొప్పించలేక "బాగుంది" అని వదిలేస్తారు.

ఉత్త వర్క్‌షాపులు ఎందుకు చాలవో తేల్చిన పరిశోధన ఉంది. వ్యసన చికిత్సలో పనిచేసే 140 మందికి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారాలన్న కోరిక క్లయింటు నోటే వచ్చేలా మాట్లాడే పద్ధతి) నేర్పి, విలియం మిల్లర్ బృందం 2004లో ఫలితాలు ప్రచురించింది. వర్క్‌షాప్‌తో సరిపెట్టుకున్నవాళ్లకంటే, తమ సెషన్ల మీద ఫీడ్‌బ్యాక్, కోచింగ్ అందుకున్నవాళ్లలోనే ఆ నైపుణ్యం బాగా నిలిచింది. కౌన్సెలర్ల విషయంలోనే ఇలా ఉంటే, వాళ్లకు నేర్పాల్సినవాళ్ల సంగతి వేరే చెప్పాలా? కాబట్టి అమ్మాయిని నేను ముందు అడిగేది ఇదే: ఈ మూడేళ్లలో తన సెషన్ ఒక్కటైనా ఎవరైనా విని, కూర్చోబెట్టి మాట్లాడారా?

ప్రాణాల మీదికొచ్చే విషయం ఇంకొకటుంది, అది మీ జిల్లాకు బాగా తెలిసిందే. అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, మనిషి తికమకపడి ఏదేదో మాట్లాడవచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అలాంటివాళ్లు ఎంతమంది వచ్చారో మీరూ చూసే ఉంటారు. వణుకుతున్న మనిషిని కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలని కొత్తవాళ్లకు నేర్పాల్సింది సూపర్‌వైజరే. ఆత్మహత్య మాట ఎత్తిన క్లయింటు విషయంలోనూ అంతే. అర్ధరాత్రి ఆ కౌన్సెలర్ ఫోన్ చేసేది మీ అమ్మాయికే.

ఇక చదువు. వీలైతే ఆర్‌సీఐ గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సు చేయించండి, అందులో సూపర్‌విజన్ కింద కేసులు చూడటం తప్పనిసరి. ఆ కాలేజీకి ఆ ఏడాది గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టండి. ఈలోగా అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా 2009లో తెచ్చిన టిప్ 52 అనే పుస్తకం చదవమనండి, డి-అడిక్షన్ కౌన్సెలర్ల సూపర్‌విజన్ మీదే రాశారు, నెట్‌లో ఉచితం. ఉద్యోగాల మాటకొస్తే, క్లినికల్ సూపర్‌వైజర్ అన్న పేరుతో పోస్టులు మన దగ్గర అరుదు, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్, సీనియర్ సైకాలజిస్ట్ లాంటి పేర్ల కింద ఈ పని ఉంటుంది. అయినా 2022 అక్టోబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 మొదలయ్యాక ఫోన్‌లో మాట్లాడే కౌన్సెలర్లు పెరిగారు, వాళ్ల వెనక నిలబడేవాళ్లు కూడా కావాలి.

ఇప్పుడొచ్చిన అవకాశాన్ని వద్దనమనను, షరతులతో ఒప్పుకోమంటాను. తన కేసులు కొన్ని తగ్గించాలి. తనకూ ఒక సైకియాట్రిస్టో క్లినికల్ సైకాలజిస్టో పదిహేను రోజులకోసారి గంట కేటాయించాలి. ఎమర్జెన్సీలో ఎవరిని పిలవాలో రాసిపెట్టి ఉండాలి. వీటికి ఒప్పుకోకపోతే ఇంకో ఏడాది కౌన్సెలర్‌గానే కొనసాగడం నయం, దాంట్లో నామోషీ ఏమీ లేదు. ఆ ఆన్‌లైన్ కోర్సు వాళ్లకు ఫోన్ చేసి, నేను సూపర్‌విజన్ చేస్తున్న రికార్డింగ్ మీరు విని తప్పులు చెబుతారా అని అడగమనండి. చెబుతామంటే చేరమనండి. స్లైడ్లు, సర్టిఫికెటే అంటే, ఆ డబ్బు ఎవరైనా అనుభవమున్న సైకాలజిస్టుకు ఫీజుగా ఇచ్చి తన సెషన్లు వినిపించుకోమనండి.