డ్రై బ్రషింగ్ తర్వాత పిక్కల మంట: సమాధానం

మంటకు కారణం చాలావరకు చెమటే. బెజవాడ ఎండలో ఆఫీసు నుంచి వచ్చీ రాగానే డ్రై బ్రషింగ్ చేస్తున్నానని, అంటే స్నానానికి ముందు పొడి బ్రష్‌తో ఒళ్లు రుద్దుతున్నానని, స్నానానికి పిక్కలు మండి ఎర్ర చారలు తేలుతున్నాయని రాశారు కదా. తడికి మెత్తబడిన చర్మాన్ని బ్రష్ గీరేస్తుంది. ఆ గీతల్లో చెమట ఉప్పు మండుతుంది.

1. ఎరుపు పూర్తిగా తగ్గేదాకా బ్రష్ ముట్టుకోవద్దు.

2. అందరూ వదిలేసేది ఇదే: ముందు ఫ్యాను కింద కూర్చుని ఒళ్లు ఆరనివ్వండి. మోకాలి వెనుక మడతలో వేలు పెట్టి చూడండి. తడి తగిలితే ఇంకా ఆగాలి. పౌడరు చల్లి సరిపెట్టుకోవద్దు, అది చెమటతో కలిసి ముద్దవుతుంది.

3. పాదాల నుంచి పైకి, ఒక్కోచోట రెండు మూడు సార్లు, తేలిగ్గా. వారానికి ఒక్కసారి చాలు. ముఖం, చెమటకాయలు, పుండ్లు, అప్పుడే షేవ్ చేసిన చోటు వద్దు.

4. గోరువెచ్చని నీళ్లు, తుడుచుకోగానే మాయిశ్చరైజర్. ఆ రోజు సున్నిపిండి మానండి. రుద్దిన చోటే మళ్లీ రుద్దడం ఎందుకు?

5. బ్రష్‌ను సబ్బునీళ్లతో కడిగి, కుచ్చు కిందికి ఉండేలా గాలికి ఆరబెట్టండి. స్నానాలగదిలో ఉంచితే బూజు పడుతుంది.

చీము కనిపించినా, షుగరు ఉండి కాళ్లలో స్పర్శ తగ్గినా ఇవన్నీ పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి.