టెక్ సందేహాలు: ఒకే లాట్‌లో బస్తాలు రెండుసార్లు ఎందుకు తగ్గుతున్నాయి?

ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి దుకాణాలకు లెక్కలు, తక్‌పట్టీల సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాం సార్. కోల్డ్ స్టోరేజీ సర్వర్‌ను నిమిషానికోసారి అడిగి, ఏ లాట్‌లో ఎన్ని మిర్చి బస్తాలున్నాయో చూపించేవాళ్లం. దుకాణాలు 40 అయ్యేసరికి కోల్డ్ స్టోరేజీ వాళ్లు ‘ఇట్ల ఊకె అడగొద్దు, వెబ్‌హుక్ ఇస్తం’ అన్నారు. అది పెట్టినప్పటి నుంచి కొన్ని లాట్లలో బస్తాలు రెండుసార్లు తగ్గుతున్నాయి. తప్పెవరిది?
– ఓ పాఠకుడు, వరంగల్

వాళ్ల విసుగులో న్యాయముంది. నిమిషానికోసారి అంటే రోజుకు 1,440 సార్లు. 40 దుకాణాలకు 57,600. మార్కెట్‌కు సెలవున్న రోజూ అంతే. వెబ్‌హుక్‌లో ఆ బాధ లేదు. మీ సర్వర్ చిరునామా ఇస్తే, ఏదైనా జరిగినప్పుడే వాళ్లు అక్కడికి సందేశం పంపిస్తారు.

ఇక తప్పు సంగతి. చాలామటుకు మీ వైపే ఉండొచ్చు. 300 బస్తాల చపాటా మిర్చి లాట్ అనుకుందాం. ‘60 బస్తాలు తీశారు’ అని సందేశం వచ్చింది. మీ ప్రోగ్రామ్ 60 తగ్గించి, రైతుకు ఎస్సెమ్మెస్ పంపి, ఆ తర్వాత తీరిగ్గా ‘అందింది’ అని జవాబిస్తోంది. ఎస్సెమ్మెస్ గేట్‌వే ఆ పూట మొరాయిస్తే జవాబుకు 12 సెకన్లు పట్టింది. పంపినవాళ్లు 10 సెకన్లే ఆగి, అందలేదనుకుని మళ్లీ పంపారు. మీరు మళ్లీ 60 తగ్గించారు. కోల్డ్ స్టోరేజీలో 240, మీ స్క్రీన్ మీద 180. ఇక అడ్తిదారుతో మాటలు పడాల్సిందే!

అందుకే సందేశం రాగానే ఒక టేబుల్‌లో రాసిపెట్టి, వెంటనే 200 కోడ్‌తో (‘అందింది’ అని అర్థం) జవాబివ్వండి. ఎస్సెమ్మెస్సులు, బిల్లులు ఆ తర్వాత వేరే ప్రాసెస్ చూసుకుంటుంది. ప్రతి సందేశానికీ ఒక ఈవెంట్ ఐడీ ఇవ్వమని వాళ్లను అడగండి. డేటాబేస్‌లో ఆ కాలమ్‌కు యూనిక్ షరతు (ఒకే ఐడీ రెండుసార్లు ఉండకూడదని) పెడితే రెండోసారి వచ్చింది ఎక్కదు. నెట్‌వర్క్ మీద ఒక సందేశం కచ్చితంగా ఒక్కసారే చేరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. రెండుసార్లు వచ్చినా నష్టం లేకుండా చూసుకోవడమే మన చేతిలో ఉంది.

వరుస కూడా తప్పుతుంది. బస్తాలు దిగిన కబురు కంటే తీసిన కబురే ముందు రావచ్చు. కాబట్టి సందేశంలోని అంకెను నమ్మి కూడికలు, తీసివేతలు చేయకండి. ‘ఈ లాట్‌లో ఏదో మారింది’ అన్నంతవరకే తీసుకుని, ఇప్పుడు ఎన్ని ఉన్నాయో వాళ్ల సర్వర్‌నే ఒక్కసారి అడగండి. నా ఓటు ఈ పద్ధతికే.

మీ చిరునామా తెలిసినవాళ్లు ఎవరైనా దొంగ సందేశం పంపొచ్చు. మీ ఇద్దరికీ మాత్రమే తెలిసిన రహస్య కీతో హెచ్‌మ్యాక్ సంతకం (కీతో సందేశం నుంచి లెక్కగట్టే గుర్తు) చేయమనండి. సంతకాన్ని సరిచూడాల్సింది వచ్చిన ముడి టెక్స్ట్ మీద. జేసన్‌ను (సందేశంలోని వివరాలను రాసే టెక్స్ట్ రూపం) విప్పి మళ్లీ కట్టి చూస్తే ఎక్కడో ఒక ఖాళీ మారి సంతకం కలవదు. కొత్తవాళ్లంతా ఇక్కడే తల పట్టుకుంటారు.

రాత్రి పూట ఒకసారి మొత్తం లాట్లను పాత పద్ధతిలోనే అడిగి సరిచూసుకోండి. మీ సర్వర్ పడుకున్నప్పుడు వచ్చిన కబుర్లు తిరిగి వస్తాయన్న నమ్మకం లేదు. గిట్‌హబ్ అంతటిది కూడా విఫలమైన వెబ్‌హుక్‌ను తనంతట తాను మళ్లీ పంపదు.

డబ్ల్యూఎస్-ఈవెంటింగ్, డబ్ల్యూఎస్-నోటిఫికేషన్ మా సిలబస్‌లో ఉన్నాయి. ఇప్పుడంతా వెబ్‌హుక్‌లే కదా, ఇవి చదవడం దండగేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, హన్మకొండ

దండగ కాదమ్మా. రెండూ సోప్ (ఎక్స్‌ఎంఎల్‌లో సందేశాలు పంపుకునే పద్ధతి) కాలం నాటివి, చందా పెట్టుకున్న ప్రోగ్రామ్‌లకు కబుర్లు పంపే ఒకే పనికి పోటీపడ్డవి. డబ్ల్యూఎస్-నోటిఫికేషన్ 2006లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణమైంది. డబ్ల్యూఎస్-ఈవెంటింగ్‌కు వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ముద్ర 2011లో పడింది. అప్పటికే జనం జేసన్ వైపు వెళ్లిపోయారు. కొత్త ప్రాజెక్టుకు వీటిని ఎంచుకోమని నేను చెప్పను.

కానీ మీ వీధి చివరి దుకాణంలోని సీసీ కెమెరా మీద ఆన్విఫ్ (వేర్వేరు కంపెనీల కెమెరాలు, రికార్డర్లు కలిసి పనిచేసే ప్రమాణం) అని ఉందేమో చూడు. ఆ కెమెరాల్లో కదలికల కబుర్లు రికార్డర్‌కు చేరేది డబ్ల్యూఎస్-నోటిఫికేషన్‌లో భాగమైన డబ్ల్యూఎస్-బేస్‌నోటిఫికేషన్ ఆధారంగానే. అందులో పుల్ పాయింట్ పద్ధతి చక్కటిది. రికార్డర్ ‘ఏమైనా ఉందా’ అని అడుగుతుంది, కెమెరా వెంటనే లేదనకుండా ఏదైనా జరిగేదాకానో, గడువు ముగిసేదాకానో జవాబును ఆపి ఉంచుతుంది. రూటర్ వెనక ఉండి, బయటి నుంచి సందేశాలు అందుకోలేని యంత్రాలకు ఇప్పటికీ ఇదొక దారి. విండోస్‌లో డబ్ల్యూఎస్‌డీ పోర్టుతో (నెట్‌వర్క్ పరికరాలను కలిపే మార్గం) కలిపిన ప్రింటర్ తన స్థితిని చెప్పేది కూడా డబ్ల్యూఎస్-ఈవెంటింగ్ ద్వారానే.

చందాకు గడువు, దాన్ని పొడిగించుకోవడం, కావలసిన కబుర్లనే వడకట్టుకోవడం... ఇవన్నీ వీటిలో పద్ధతిగా ఉన్నాయి. చాలా వెబ్‌హుక్‌లలో గడువన్నదే ఉండదు. మూతపడ్డ సర్వర్లకు కూడా సందేశాలు వెళ్తూనే ఉంటాయి. 2018లో డబ్ల్యూ3సీ ఆమోదించిన, వెబ్‌హుక్‌లతోనే చందాలు నడిపే వెబ్‌సబ్‌లో ఆ గడువు మళ్లీ కనిపిస్తుంది.

వెండి ఫిలిగ్రీ వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. డబ్బు కట్టాక కస్టమర్ మా ‘ధన్యవాదాలు’ పేజీకి వస్తే ఆర్డర్ ఖరారు చేసుకోవచ్చా?
– ఓ వ్యాపారి, కరీంనగర్

వద్దు. డబ్బు కట్టినవాడు ఆ పేజీ తెరుచుకోకముందే ఫోన్ జేబులో పెట్టేసుకోవచ్చు. కట్టనివాడు ఆ పేజీ చిరునామాను నేరుగా టైప్ చేయొచ్చు. పేమెంట్ గేట్‌వే పంపే వెబ్‌హుక్‌లో సంతకం కలిసిందా, మొత్తం సరిపోయిందా చూసుకున్నాకే వస్తువు ప్యాక్ చేయండి.