తాళం చేతికి రాకుండా అడ్వాన్స్ పంపొద్దు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. వచ్చే నెల విశాఖపట్నంలో, రుషికొండ దగ్గర ఉద్యోగంలో చేరాలి. ఆన్‌లైన్‌లో ఎంవీపీ కాలనీలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ ఒకటి చూశాను. అద్దె 11 వేలే. ఓనర్ నేవీ ఆఫీసరట, కొచ్చికి బదిలీ అయిందట. ఐడీ కార్డు, ఆధార్ వాట్సాప్‌లో పంపారు. ఇల్లు చూడాలంటే గేట్ పాస్‌కు 2,500, వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపాలంటే రెండు నెలల అడ్వాన్స్ 22 వేలు ఈరోజే పంపమంటున్నారు. నా దగ్గరున్నది మొత్తం 60 వేలు. పంపొచ్చా?

జవాబు: పంపకండి. ఒక్క రూపాయి కూడా.

ఒక్క రూపాయి అని ఊరికే అనడం లేదు. ఈ మోసగాళ్లు చాలాసార్లు అక్కడే మొదలుపెడతారు. 'ముందు రూపాయి పంపండి, మీ ఖాతా సరిగా ఉందో లేదో చూస్తాను' అంటారు. పంపగానే రెండు రూపాయలు వెనక్కి వేస్తారు. దాంతో మనకు నమ్మకం కుదురుతుంది. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, 'ఇది స్కాన్ చేస్తే గేట్ పాస్ డబ్బులు మీకే తిరిగి వస్తాయి' అంటారు. ఫోన్‌లో యూపీఐ పిన్ అడుగుతోందంటే డబ్బు మీ ఖాతా నుంచి వెళ్తోందనే అర్థం. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

నేవీ పేరు ఎందుకు వాడారంటే, విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. ఇక్కడ నేవీ కుటుంబాలు లేని పేట తక్కువ. వాళ్ల మీద జనానికి గౌరవం ఎక్కువ. ఆ గౌరవాన్నే ఎరగా వేస్తున్నారు. కాలనీలో ఉన్న సొంత ఫ్లాట్ చూపించడానికి ఏ ఆఫీసరూ గేట్ పాస్ డబ్బులు అడగరు. ఇక ఆ ఐడీ కార్డు, ఆధార్ ఎవరివో! ఇంతకు ముందు ఇలాగే నమ్మి కాగితాలు పంపినవాళ్లవీ కావొచ్చు. అందుకే మీ ఆధార్ కూడా ఆయనకు పంపకండి.

ఇప్పుడు మీ డబ్బు సంగతి. 24,500 పోతే మీ చేతిలో మిగిలేది 35,500. అందులోనే మళ్లీ అసలు ఇంటికి అడ్వాన్స్, సామాన్ల రవాణా, మొదటి జీతం వచ్చేదాకా ఇంటి ఖర్చు. అప్పు చేయక తప్పదు. మీ ఉత్తరం చదివాక నాకు బెంగగా అనిపించింది ఇందుకే. మీకు తొందర ఉంది, ఆ తొందర అతనికి తెలుసు. చుట్టాలింట్లోనో, నెలవారీ హాస్టల్‌లోనో రెండు వారాలు ఉండండి. దానికి కొన్ని వేలు అయినా ఫర్వాలేదు, అది దండగ కాదు.

అక్కడ ఉంటూ సాయంత్రాలు ఎండాడ, మధురవాడ, పీఎం పాలెం వైపు తిరగండి. రుషికొండకు ఎంవీపీ కన్నా అవే దగ్గర. టులెట్ బోర్డు కనబడితే వాచ్‌మన్‌తో, పక్క ఫ్లాట్ వాళ్లతో మాట్లాడండి. ఓనర్ ఎవరో, ఇంతకు ముందున్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారో వాళ్లకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

ఇల్లు నచ్చాక జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించమనండి. రెండింటి మీదా పేరు, డోర్ నంబర్ సరిపోవాలి. బిల్లు తండ్రి పేరు మీదో, పాత ఓనర్ పేరు మీదో ఉండటం మామూలే. అప్పుడు కారణం అడగండి, నిజమైన ఓనర్ విసుక్కోకుండా చెబుతాడు. 11 నెలల అగ్రిమెంట్ రాసుకుని, తాళం తీసుకునే రోజునే అడ్వాన్స్‌ను అగ్రిమెంట్‌లో ఉన్న పేరు గల ఖాతాకే వేయండి. 'మా బావమరిది నంబర్‌కి కొట్టండి' అంటే ఒప్పుకోవద్దు. అద్దె లేకుండా లక్షల్లో డిపాజిట్ కట్టే లీజు అయితే మాత్రం ఇవి చాలవు. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) కూడా తీయించి, ఆ ఇల్లు ఎవరిదో, తాకట్టులో ఉందో లేదో చూసుకోవాలి.

ఈ జవాబు చదివేలోపే ఏమైనా పంపేసి ఉంటే, సిగ్గుపడుతూ కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. డబ్బు ఇంకో ఖాతాలోకి మారకముందే ఫిర్యాదు చేరితే ఆపే వీలుంటుంది. 'ఇంకో 5 వేలు కడితే మొత్తం వాపస్' అని ఫోన్ వస్తే మాత్రం ఎత్తకండి. ఆ చాటింగ్, ఆ నంబర్, డబ్బు పంపిన వివరాలు చెరిపేయకుండా ఉంచండి, పోలీసులకు కావాలి.