సాల్సా, పికాంటే సాస్ ఒకటేనా?

అమెరికా గ్రోసరీ స్టోర్‌లో చిప్స్ పక్క అరలో సాల్సా, పికాంటే అనే ఈ రెండు టమాటా సాస్ సీసాలూ పక్కపక్కనే ఉంటాయి, ధర కూడా ఇంచుమించు అంతే. మరి తేడా ఏమిటని ఒకరు అడిగారు.

సరుకు దాదాపు ఒకటే: టమాటా, ఉల్లిపాయ, హలపేన్యో మిర్చి, వెనిగర్, ఉప్పు. తేడా అంతా చిక్కదనంలోనే. సీసాను పక్కకు వంచి చూడండి. పికాంటే జారుగా గాజు వెంట దిగిపోతుంది. సాల్సా ముక్కలు ముక్కలుగా, బద్ధకంగా కదులుతుంది. లేబుల్ మీద సాల్సాకి తరిగిన టమాటా, పికాంటేకి మెత్తగా నలగ్గొట్టిన టమాటా లేదా గుజ్జు అని సాధారణంగా కనిపిస్తుంది.

స్పానిష్‌లో సాల్సా అంటే సాస్ అనే, పికాంటే అంటే కారంగా ఉండేది అని. కానీ ఈ పేరు చూసి మోసపోవద్దు! మైల్డ్ పికాంటే కంటే హాట్ సాల్సాయే ఎక్కువ మండుతుంది. మైల్డ్, మీడియం, హాట్ అన్న మాటే చూడండి. మన టమాటా పచ్చడి అలవాటైన నోటికి మైల్డ్ చప్పగానే ఉంటుంది.

పికాంటే అనగానే గుర్తొచ్చే బ్రాండ్ పేస్. 1947లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో డేవిడ్ పేస్ మొదలుపెట్టాడు. ఇప్పుడు అదే బ్రాండ్ చంకీ (ముక్కలు ముక్కలుగా ఉండే) సాల్సా కూడా అమ్ముతోంది.

చిప్స్‌తో అయితే నా ఓటు సాల్సాకే, ముక్క పంటికి తగలాలి. ఆమ్లెట్ మీద పోయడానికి, రాజ్మా ఉడికేటప్పుడు కలపడానికి పికాంటే బాగుంటుంది. మూత తీశాక ఏదైనా ఫ్రిజ్‌లోనే పెట్టాలి.