షాపు మూసి ఉన్నప్పుడు సర్వే చేశారు, మా హక్కు పోతుందా?

ప్రశ్న: మాది నగరంలో పాత పేట. కింద నాన్నగారి టైలరింగ్ షాపు, పైన మా కాపురం. షాపు పెట్టాకే ఇక్కడ జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో, ఎంత ఎత్తు కట్టొచ్చో చెప్పే నిబంధనలు) వచ్చింది. ఆ మ్యాప్ ప్రకారం మా వీధిలో ఐదంతస్తుల ఇళ్లు కట్టుకోవచ్చు, కానీ అన్నీ రెండంతస్తులవే. ఇప్పుడు ఉన్నదాన్ని ఉన్నట్టే చూపిస్తామంటూ కొత్త ముసాయిదా పెట్టారు. వీధికి రెండంతస్తులే, మా స్థలం 'నివాసం మాత్రమే' అని రాశారు. నాన్నగారికి ఒంట్లో బాగాలేక ఎనిమిది నెలలుగా షాపు తెరవలేదు, ఆ మధ్యలోనే సర్వే జరిగింది. అన్నయ్య మూడో అంతస్తు వేద్దామంటున్నాడు. మాకు నష్టమా?

జవాబు: ముసాయిదాకి అభ్యంతరాలు చెప్పడానికి ఆఖరి తేదీ ఎప్పుడో ఈరోజే కనుక్కోండి. మిగతావన్నీ దాని తర్వాతే. ఇలాంటి మార్పు వినడానికి చాలా న్యాయంగా ఉంటుంది. ఉన్నదే రాస్తున్నారు కదా, మనకేం పోతుందిలే అని జనం ఊరుకుంటారు. కానీ మ్యాప్‌లోకి ఎక్కేది సర్వేకి వచ్చిన మనిషి ఆ పూట చూసింది మాత్రమే. మీ ఇంటి ముందు దించిన షట్టర్ చూశాడు, 'నివాసం' అని రాసుకున్నాడు.

జోనింగ్ రాకముందే సక్రమంగా మొదలైన వాడకాన్ని, అది కొత్త నిబంధనకి పొసగకపోయినా, కొనసాగనివ్వాలని చాలా దేశాల చట్టాలు చెబుతాయి. ఇన్నాళ్లూ మీ షాపుకి రక్ష అదే. అయితే మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఎన్నాళ్లు మానేస్తే పోతుందన్న గడువు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. న్యూయార్క్ నగరంలో చాలాకాలం మామూలుగా రెండేళ్లు ఉండేది, కొన్నిచోట్ల ఏడాది, ఇంకా తక్కువ పెట్టినవీ ఉన్నాయి. అనారోగ్యం వల్ల మూసినా గడువు గడువే అనే చట్టాలున్నాయి, మానేసే ఉద్దేశం ఉందా అని చూసేవీ ఉన్నాయి. అందుకే ఎనిమిది నెలలన్న మాట నన్ను కలవరపెడుతోంది. నాన్నగారు రాలేకపోతే ఎవరినైనా పెట్టి షాపు తెరిపించండి. మిషన్ తిరగాలి, బిల్లు పుస్తకంలో తేదీ పడాలి.

సాక్ష్యం మాటకొస్తే, ఇరుగుపొరుగు చెప్పేదానికంటే కాగితానికి బలమెక్కువ. పాత లైసెన్సులు, పన్ను రశీదులు, షాపు పేరున్న కరెంటు బిల్లులు, నాన్నగారి ఆసుపత్రి కాగితాలు తీయండి. బోర్డు కనబడే పాత పెళ్లి ఫోటో ఉన్నా పనికొస్తుంది. అవన్నీ జతచేసి, మీ స్థలాన్ని 'కింద వ్యాపారం, పైన నివాసం'గా సరిదిద్దమని రాతపూర్వకంగా అడగండి. అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే చెప్పనట్టే లెక్క.

ఎన్నేళ్లుగానో ఉంది కాబట్టి ఎవరూ కదపలేరు అనుకోకండి. ఢిల్లీలో నివాస ప్రాంతాల్లో ప్లాన్‌కి విరుద్ధంగా నడుస్తున్న దుకాణాలకు సీలు వేయమని 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత 2007లో వచ్చిన మాస్టర్ ప్లాన్, ప్రకటించిన వీధుల్లో ఇల్లూ వ్యాపారం కలిసి ఉండటానికి వీలు కల్పించింది. వీధి పేరు జాబితాలో ఉందా లేదా అన్నదే ఎందరి బతుకునో తేల్చింది.

ఇక ఎత్తు సంగతి. మూడు అంతస్తుల విలువ పోతోంది కాబట్టి పరిహారం వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. అమెరికాలో 1926లో యూక్లిడ్ అనే ఊరి జోనింగ్ మీద వచ్చిన కేసులో, ఎకరం 10,000 డాలర్లు పలికే తన భూమి జోనింగ్ వల్ల 2,500కి పడిపోతుందని యజమాని మొత్తుకున్నా, అక్కడి సుప్రీంకోర్టు జోనింగ్‌నే నిలబెట్టింది. విలువ తగ్గినంత మాత్రాన కోర్టులు జోక్యం చేసుకోవడం అరుదు. పక్క స్థలాలకి ఐదు ఉంచి మీ ఒక్కరికే రెండు చేస్తే అది వివక్ష, గట్టిగా పోరాడొచ్చు. వీధంతటికీ ఒకటే అయితే ఆ వాదన నిలవదు.

అన్నయ్య నిజంగా కట్టాలనుకుంటే, కొత్త మ్యాప్ అమల్లోకి రాకముందే అనుమతి చేతికి రావాలి. చాలాచోట్ల అదొక్కటే చాలదు, చెప్పుకోదగ్గ పని కూడా జరిగి ఉండాలి. మీ గోడలు ఇంకో అంతస్తు మోస్తాయో లేదో ఇంజనీరు చూడకుండా, గడువు తరుముతోందని మాత్రం మొదలుపెట్టనివ్వకండి. పైన ఉండేది మీరే.

ఆస్తి పత్రాల్లో 'వ్యాపారం చేయరాదు' అనే షరతు ఉందేమో కూడా చూడండి. ఉంటే జోన్ మారినా అది దానంతటది పోదు. ముసాయిదా నకలు, పత్రాలు పట్టుకుని ఈ వారంలోనే మీ ఊళ్లో ఒక లాయర్‌ని కలవండి.