వానాకాలంలో ఏజెన్సీకి వెళ్తున్న మా బుజ్జికి

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆఫీసులో రెండు నెలలు సెలవు పెట్టావట, పాడేరు అవతల కొండల్లో ఒక సంస్థ తరఫున పిల్లలకి సాయంత్రాలు చదువు చెప్తావట, గిరిజనుల ఇంట్లోనే ఉంటావట, సెలవు రోజుల్లో ఊరి నుంచి ఊరికి నడిచి కొండలన్నీ తిరుగుతావట. అది ఏడుస్తూ చెప్తోంది, నాకేమో వింటున్నంతసేపూ గర్వంగా ఉంది. జులై, ఆగస్టు అనేసరికి మాత్రం నాకూ గుండె దడ మొదలైంది. సరిగ్గా ఆ రెండు నెలలే దొరికాయా తల్లీ నీకు!

నిన్ను ఆపమని మీ అమ్మ నన్ను బతిమాలింది. నేను ఆపను. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఆ ఏజెన్సీలోనే ఏఎన్ఎంగా గడిచింది. నాకు అన్నం పెట్టిన ఊళ్ళవి. నువ్వు వాళ్ళ మధ్యకి వెళ్తానంటే వద్దనడానికి నాకు నోరు రాదు. కానీ తెలిసింది చెప్పకుండా పంపిస్తే ఆ రెండు నెలలూ నాకు నిద్ర పట్టదు.

మామూలు సంగతులు నీకూ తెలుసు. బ్యాగు తేలిగ్గా ఉండాలి. పట్టు ఉండే బూట్లు, టార్చి, పవర్ బ్యాంకు, పెద్ద ప్లాస్టిక్ షీటు, ఓఆర్ఎస్ పొట్లాలు. జలగలకి ఉప్పు. నీళ్ళు కాచినవే తాగు. ఆధార్ కార్డు, సంస్థ ఇచ్చిన లెటరు ఎప్పుడూ దగ్గర ఉంచుకో, దారిలో పోలీసులు ఆపితే చూపించాలి. ఊళ్ళోకి వెళ్ళిన రోజే సర్పంచ్‌కి, ఆశా కార్యకర్తకి కనబడి నేను ఫలానా అని చెప్పు.

గెడ్డ అంటే కొండవాగే, దాని విషయంలో మాత్రం నీ తెలివి వాడకు, ఊరివాళ్ళ మాట విను. పొద్దున మడమల్లోతు ఉన్న నీళ్ళు పైన కొండ మీద వాన పడితే మధ్యాహ్నానికి నడుములోతు అవుతాయి. నీ నెత్తిన చినుకు కూడా పడి ఉండదు. మేం టీకాల డబ్బా పట్టుకుని వెళ్ళేటప్పుడు ఊరి కుర్రాళ్ళు ముందు కర్రతో లోతు చూసి, డబ్బా అవతలి గట్టుకి చేర్చి, మళ్ళీ వెనక్కొచ్చి నా చెయ్యి పట్టుకుని దాటించేవాళ్ళు. నీళ్ళు ఎర్రగా మారాయంటే అంతే, ఆ రోజుకి ప్రయాణం లేదు. అవతలి ఊళ్ళోనే పడుకునేవాళ్ళం. పిల్లలకి క్లాసు ఉందని, మాటిచ్చానని నువ్వు గెడ్డలో దిగకు. ఒక రోజు పాఠం పోతే ఏమీ కాదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం.

చాలా ఏళ్ళ కిందట నేను ముంచంగిపుట్టు వైపు పనిచేస్తున్నప్పుడు నీలాగే ఒక కుర్రాడు వచ్చాడు. చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. కొండదొర గిరిజనుల ఇంట్లో ఉండేవాడు. ఆ ఇంటి ముసలావిడ అతన్ని సొంత మనవడిలా చూసుకునేది. లోపల పొయ్యి పొగ పడక అతను బయట అరుగు మీద పడుకునేవాడు. దోమతెర మేమే ఇచ్చాం. ఒక రోజు చీకటితో ఆ ఊరు వెళ్ళినప్పుడు చూశాను. తెర నాలుగు మూలలా చక్కగా కట్టుకున్నాడు కానీ అంచులు చాప కిందకి దోపలేదు. ఒక పక్క గాలికి లేస్తోంది. "దోపుకో బాబూ" అంటే నవ్వి సరేనన్నాడు.

తిరిగి వెళ్ళిపోయే రోజు పొద్దున అతనికి చలి పుట్టింది. ఎండ కాస్తుంటే స్వెట్టర్ వేసుకుని కూర్చున్నాడట. పక్కింట్లోనే మా ఆరోగ్య కార్యకర్త ఉంది, ఆవిడ దగ్గర మలేరియా కిట్ ఉంది. వేలి కొన మీద గుచ్చి ఒక్క చుక్క రక్తం వేస్తే ఇరవై నిమిషాల్లో గీత కనబడుతుంది. అడిగితే చేసేది. అతను అడగలేదు. ఎందుకంటే ఆ రోజు ముసలావిడ అతని కోసం ఇంట్లో ఉన్న పెట్టను కోసింది. ఒంట్లో బాగోలేదంటే వాళ్ళ మనసు కష్టపడుతుందని జలుబని చెప్పాడు, ముద్ద దిగకపోయినా తిన్నాడు, జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళాక జ్వరం. పారాసిటమాల్ వేసుకుంటే చెమట పట్టి దిగింది, మర్నాడు మళ్ళీ వచ్చింది. అతను ఇంట్లో ఏమని చెప్పాడో తెలుసా? అరకులో గది తీసుకుని ప్రాజెక్టు పని చేసుకుంటున్నానని! ఇన్నాళ్ళూ కొండ మీద ఊళ్ళో ఉన్నానని ఇప్పుడెలా చెప్తాడు? డాక్టరుకీ చెప్పలేదు. ఆయన వైరల్ అనుకుని మందులిచ్చాడు. ఏజెన్సీ నుంచి వచ్చానన్న ఒక్క ముక్క చెవిన పడుంటే ముందు మలేరియా పరీక్షే రాసేవాడు. అయిదో రోజుకి కుర్రాడు కన్నతల్లిని గుర్తుపట్టలేదు, ఫిట్స్ వచ్చాయి. అప్పుడు చూస్తే ఫాల్సిపారం రకం మలేరియా, మెదడుకెక్కింది. కిడ్నీలు కూడా దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్ళింది. బతికాడు. ఆ తల్లి ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో, బతికాడు.

కొన్నాళ్ళకి వాళ్ళ నాన్న మా పీహెచ్‌సీకి వచ్చారు. మా వాడికి ఏం తినిపించారు, ఏం తాగించారు అని నిలదీశారు. దోమ వల్ల వచ్చిందని ఆయన్ని నమ్మించడానికి చాలాసేపు పట్టింది. ఆ మాటలు మాత్రం కొండెక్కి ఊరికి చేరాయి. తన ఇంట్లో ఉండబట్టే ఆ పిల్లాడికి అలా అయిందని ముసలావిడ కుమిలిపోయింది. మిగిలిన కోడిని కూడా వాళ్ళ దేవతకి మొక్కు చెల్లించింది. నేను వెళ్ళి పక్కన కూర్చుని ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత సంస్థవాళ్ళు ఎవరినైనా పెట్టుకోమంటే "మా ఇంట్లో వద్దు సిస్టరమ్మా" అనేది. వచ్చినవాళ్ళందరికీ చాప వేసిన ఇల్లది.

ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే, నువ్వూ చెప్పుకోని పిల్లవే. చిన్నప్పుడు మీ మావయ్య పెళ్ళిలో మెట్ల మీద పడి చెయ్యి విరిగితే, పెళ్ళి పాడైపోతుందని తలంబ్రాలయ్యేదాకా నోరు మూసుకుని కూర్చున్నావు. నీ ముఖం తెల్లగా పాలిపోవడం చూసి నేనే ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. మంచి పిల్లవని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు నీ మీద ఎంత కోపం వచ్చిందో! ఆ ఓర్పు అక్కడికి పట్టుకెళ్ళకు. చలి పుట్టినా, ఒళ్ళు వెచ్చబడినా, తల పగిలిపోతున్నా ఆ పూటే ఆశా దగ్గరికి వెళ్ళి రక్తం చూపించుకో. నలుగురి ముందూ సిగ్గుపడకుండా చెప్పు. మలేరియా అని తేలితే మాత్రలు మొత్తం వాడు, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకు. బయలుదేరే ముందే డాక్టరుని కలిసి, మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు నీకు పడతాయో లేదో కనుక్కో.

దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు. వారం, పది రోజులు, ఒక్కోసారి నెల కూడా పడుతుంది. వైవాక్స్ రకం మలేరియా అయితే నెలల తర్వాత కూడా బయటపడుతుంది. అంటే హైదరాబాద్ వచ్చేశాక, ఆఫీసులో ఏసీ గదిలో ఉండగా రావచ్చు. అప్పుడు ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా కుర్చీలో కూర్చునేలోపే "నేను పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చాను" అను.

తెర అంచులు చాప కిందకి దోపుకుని పడుకో. దోమలకే కాదు, కట్లపాముకీ అదే అడ్డు. అది ఎక్కువగా రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కాటేస్తుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. పొద్దున లేచేసరికి రెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే నాటు మందుల కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయించు. జీపు రాని చోటికి బైక్ అంబులెన్స్ వస్తుంది. అదీ రాలేని చోట ఊరివాళ్ళు డోలీ కడతారు. నెలలు నిండిన ఆడవాళ్ళని వానలో, బురదలో అలా మోసుకొచ్చి మా ముందు దించి, చెమట తుడుచుకోకుండా "తల్లి బాగుందా సిస్టరమ్మా" అని అడిగిన మనుషులు వాళ్ళు. నీకేమైనా అయితే నిన్నూ మోస్తారు. అందుకే ముందే చెప్పు, చివరి నిమిషం దాకా దాచి వాళ్ళ భుజాల మీద పడకు.

నువ్వు నీ జ్వరం దాచినట్టే వాళ్ళు తమ ఇంట్లో లేమి దాస్తారు. ఒక ఇంట్లో నాకు అడ్డాకులో వేడి వేడి అన్నం, ఎండుచేప పులుసు వడ్డించి, ఆ ఇల్లాలు గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి చూద్దును కదా, గోడ వెనక నిలబడి చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగుతోంది. అన్నం నా ఒక్కదానికే వండింది. వానాకాలమంటే పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా ఇంటికి రాని రోజులు. కాబట్టి మొదటి రోజే చెప్పు, మీరేం తింటే నాకూ అదే పెట్టండని. పొద్దున వాళ్ళతో కూర్చుని అంబలి తాగు. నీ తిండి డబ్బు సంస్థ ఇస్తుందిలే అనుకోకు, ఆ ఇంటావిడ చేతికి అందుతోందో లేదో కనుక్కో. సంతకి వాళ్ళతో వెళ్ళి ఉప్పు, నూనె, ఉల్లిపాయలు, ఎండుచేపలు కొనివ్వు. పిల్లలకి చాక్లెట్లు పంచకు. కోడిని కోస్తామంటే, నాకు వెదురుకొమ్ముల కూరే ఇష్టమని చెప్పు. నిజంగానే బాగుంటుంది, నాకు ఇప్పటికీ నోరూరుతుంది.

కొత్త పండగ చెయ్యకుండా వాళ్ళు కొత్త పంట నోట పెట్టరు. చేలో కొర్ర కంకి కనబడిందని తుంచకు, అడుగు. వంటింట్లోకి పిలిస్తేనే వెళ్ళు. చచ్చిన పశువు మాంసమని తెలిస్తే మాత్రం ముట్టుకోకు, ఎవరేమనుకున్నా సరే. అలాంటి మాంసం వల్ల వచ్చే ఆంత్రాక్స్ జబ్బు పుళ్ళకి ఈ చేతులతో కట్లు కట్టాను. వాళ్ళని తక్కువగా చూడకు, పశువు పోవడమంటే ఆ ఇంటికి ఎంత నష్టమో నీకు అక్కడే తెలుస్తుంది.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్తున్నాను. "ఈ సంచి వైజాగ్‌లో మా వాళ్ళకి ఇచ్చెయ్యమ్మా" అని దారిలో ఎవరిచ్చినా తీసుకోకు, ఎంత మంచిగా అడిగినా సరే. ఆ దారుల్లో గంజాయి తిరుగుతుంది. ఏమీ తెలియని పిల్లలు అలాగే జైలుకెళ్ళారు.

బళ్ళో పిల్లలు మొదట నోరు విప్పరు. చాలా ఊళ్ళలో ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియానో కువియో. తెలుగు రాదని విసుక్కోకు, వారం రోజులు వాళ్ళ దగ్గర నువ్వే నేర్చుకో. నిన్ను చూసి పగలబడి నవ్వుతారు, ఆ తర్వాత నిన్ను వదలరు. ఫొటోలు పెద్దవాళ్ళని అడిగి తియ్యి, నెట్‌లో పెట్టకు.

మీ అమ్మకి నేను నచ్చజెప్తాను. అది ఒప్పుకునేది నా మాటకే కదా. కానీ నువ్వు దానికి ఊరి పేరు, ఇంటివాళ్ళ పేరు దాచకుండా చెప్పాలి. ఫోన్ సిగ్నల్ ఏ కొండ మీద దొరుకుతుందో కనుక్కుని, వారానికి రెండు సార్లు అక్కడికెక్కి ఒక మెసేజ్ పెట్టు. నీ బ్లడ్ గ్రూపు, సంస్థ వాళ్ళ నంబరు, ఆ ఊరి ఆశా నంబరు నాకు ఈ ఆదివారం లోపు పంపు. మందు పూసిన మంచి దోమతెర ఒకటి కొని ఉంచాను. కొరియర్ చెయ్యాలి, హాస్టల్ అడ్రస్ పిన్‌కోడ్‌తో సహా రాయి.

మీ పెద్దమ్మ