బీరువా నిండా బట్ట, కార్డు మీద బాకీ

ప్రశ్న: మేడమ్, నాకు 52 ఏళ్లు. పదిహేనేళ్లుగా బట్ట ముక్కలు అతికి, మధ్యలో దూది పొర పెట్టి కుట్టే బొంతలు, అంటే క్విల్ట్‌లు కుడుతున్నాను. రెండు బీరువాలు, మంచం కింద ఆరు పెట్టెలు, అన్నిట్లోనూ కాటన్ బట్టే. ఏడాదికి మూడు క్విల్ట్‌లు పూర్తయితే గొప్ప. కొనడం మాత్రం ఆగట్లేదు. ఈమధ్య పార్సిల్ వస్తే కారు డిక్కీలో దాచి, మావారు ఇంట్లో లేనప్పుడు లోపలికి తెస్తున్నాను. క్రెడిట్ కార్డు మీద కొంత బాకీ కూడా ఉండిపోయింది. ఇదంతా అమ్మేసి బాకీ తీర్చేయనా? లేదా కొనడం పూర్తిగా మానేసి, ఉన్నదంతా కుట్టేస్తే డబ్బు మిగులుతుందా? పదకొండేళ్ల క్రితం కొన్న 4 మీటర్ల నీలం బట్ట ఒకటుంది. దానికి కత్తెర పెట్టడానికి చేతులు రావట్లేదు. దాన్నేం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదివి నా బల్ల సొరుగు తెరిచాను. అందులో 19 కొత్త నోట్‌బుక్‌లున్నాయి, ఒక్కదానిలోనూ ఒక్క అక్షరం లేదు. కాబట్టి మిమ్మల్ని మందలించే అర్హత నాకు లేదు. లెక్క మాత్రం చూద్దాం.

ముందు మీ దగ్గర ఎంత బట్ట ఉందో తెలియాలి. మడత విప్పి మీటర్లు కొలవక్కర్లేదు, తూకం వేస్తే చాలు. క్విల్ట్‌లకు వాడే కాటన్ సాధారణంగా 44 అంగుళాల పన్నా ఉంటుంది, మీటరు ముక్క సుమారు 160 గ్రాములు తూగుతుంది. అంటే కిలోకి దాదాపు 6 మీటర్లు. పెట్టె పట్టుకుని బరువు చూసుకునే మిషన్ ఎక్కండి, మీ బరువు, ఖాళీ పెట్టె బరువు తీసేయండి. అన్నీ కలిపి 60 కిలోలు వచ్చిందనుకుందాం. అది 360 మీటర్లు.

ఇప్పుడు రెండో వైపు. 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు ఉన్న ఒక మామూలు క్విల్ట్‌కి పైభాగానికి 4 మీటర్లు, అడుగున వేసే బట్టకు నాలుగున్నర, అంచు పట్టీకి అర మీటరు పడుతుంది. మొత్తం 9. మీ 360 మీటర్లు 40 క్విల్ట్‌లకు సరిపోతాయి. ఏడాదికి మూడు చొప్పున 13 ఏళ్లు. క్విల్ట్‌లు కుట్టేవాళ్ల మధ్య ‘సేబుల్’ అనే ఒక జోక్ ఉంది కదా, బతికినన్నాళ్లూ కుట్టినా తరగనంత బట్ట పోగేసినవాళ్లకిచ్చే బిరుదు. ఆ బిరుదు మీకింకా రాలేదు. అయితే ఏడాదికి మీరు వాడేది 27 మీటర్లే. నెలకు 5 మీటర్లు కొన్నా ఏడాదికి 60 అవుతాయి. బీరువా ఎందుకు నిండుతోందో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. కొరత ఉన్నది బట్టకి కాదు, కుట్టే గంటలకి. దుకాణంలో అవి దొరకవు.

మీ ప్రశ్నలో ఒక పొరపాటు ఉంది. ఆ బట్టని మీరు దాచిన డబ్బులా చూస్తున్నారు. అమ్మితే తిరిగొస్తుంది, కుడితే మిగులుతుంది అనుకుంటున్నారు. ఆ డబ్బు కొన్నరోజే వెళ్లిపోయింది. అమ్మినా కుట్టినా, ఎలుక కొరికినా, అది వెనక్కి రాదు. మనం తేల్చుకోవాల్సింది వచ్చే నెల జీతంలోంచి ఎంత పోబోతోందనేదే.

అమ్మకం సంగతి. కొనేవాళ్లు మొత్తం బీరువా చూడరు, ఒక్కో ముక్కా చూస్తారు. ఉతికారా? ఎండకి మడత దగ్గర రంగు వెలిసిందా? ఇంట్లో పెంపుడు జంతువులున్నాయా? ఇలా అడుగుతారు. ప్రతి ముక్కకీ ఫొటో తీయాలి, కొలవాలి, తూచాలి, కట్టాలి, పంపాలి. బట్ట బరువైన సరుకు కాబట్టి పంపే ఖర్చు లాభాన్ని తినేస్తుంది. పైగా ధర దగ్గర మీకూ కొనేవాళ్లకూ పొత్తు కుదరదు. 1990లో కానెమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం అచ్చువేశారు. కొందరికి కాఫీ కప్పులు ఊరికే ఇచ్చి ఎంతకి అమ్ముతారని అడిగారు, కప్పులు లేనివాళ్లని ఎంతకి కొంటారని అడిగారు. చేతిలో కప్పు ఉన్నవాళ్లు చెప్పిన ధర, కొనేవాళ్లు చెప్పినదానికి రెట్టింపు కంటే ఎక్కువ. కాసేపటి క్రితం చేతికొచ్చిన కప్పుకే అలా ఉంటే, పదేళ్లుగా ప్రేమగా మడతలు మార్చి పెట్టుకున్న బట్టకి మీరెంత చెబుతారో ఆలోచించండి.

అందుకని అన్నీ అమ్మొద్దు. 3 మీటర్లకు పైనున్న పెద్ద ముక్కల్లో మీకిప్పుడు మోజు తీరిపోయినవి, దుకాణంలోనే ముక్కలుగా కోసి అమ్మే కట్టల్లో సీలు విప్పనివి, ఈ రెండు రకాలే అమ్మకానికి పెట్టండి. వచ్చినంత వచ్చింది, నేరుగా కార్డు బాకీకి కట్టేయండి. చిన్న ముక్కలు, ఎందుకు కొన్నామో గుర్తురానివి, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి పెట్టెలతో సహా ఇచ్చేయండి. నెల రోజుల్లో అమ్ముడుపోనివి కూడా వాళ్లకే.

బాకీ అమ్మకాల కోసం ఆగకూడదు. కార్డు వాళ్లు నెలకు 3 శాతం వడ్డీ వేస్తున్నారనుకుందాం. చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. మీ బిల్లు తీసి అసలు శాతం ఎంతో చూసుకోండి. మీ దగ్గర అత్యవసరానికి కాకుండా ఇంకేదైనా పొదుపు ఉంటే దాన్ని తీసి ఈ బాకీ ముందు మూసేయండి. బట్టల దుకాణాల సైట్లలో దాచిపెట్టిన కార్డు వివరాలు కూడా ఈరోజే తుడిచేయండి. ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టాల్సి వస్తే సగం మోజు అక్కడే చల్లారుతుంది.

ఇక రెండో ప్రశ్న, ఉన్నదంతా కుట్టేస్తే డబ్బు మిగులుతుందా అని. కుట్టడం కూడా ఖర్చే. పైభాగం బీరువాలోంచి వచ్చినా, మధ్యలో పెట్టే దూది పొర, అంటే బ్యాటింగ్ కొనాలి, దారం కొనాలి. పెద్ద క్విల్ట్‌ని బయట లాంగ్‌ఆర్మ్ మిషన్ (క్విల్ట్ పొరలన్నీ కలిపి కుట్టే పెద్ద మిషన్) మీద కుట్టించుకుంటే ఆ కూలి చాలాసార్లు పైభాగం బట్ట ఖర్చుని దాటుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీలాంటివాళ్ల బీరువాల్లో అర మీటరు, పావు మీటరు ముక్కలే ఎక్కువుంటాయి. ముద్దొచ్చిన ప్రతి ప్రింటూ కొంచెం కొంచెం కొంటాం కదా. అడుగున వేయడానికి నాలుగున్నర మీటర్లు ఒకే రకం కావాలంటే 60 కిలోల్లోనూ దొరకదు. దాంతో ‘ఉన్నది వాడేద్దాం’ అని మొదలుపెట్టి మళ్లీ దుకాణానికే వెళ్తారు. దీనికి విరుగుడు అడుగు భాగాన్ని కూడా ముక్కలు అతికి కుట్టడమే. ఇంకో కిటుకు, తరిగిపోవాలనుకున్న బట్టని చిన్నగా కోయండి. రెండున్నర అంగుళాల చదరంలో కుట్లలోకి పోయే భాగం 36 శాతం, ఆరున్నర అంగుళాల చదరంలో 15 శాతం. ఎప్పుడూ వృథా తగ్గించమని చెప్పే నేను ఇలా రాయడం నాకే వింతగా ఉంది.

కొనడం పూర్తిగా మానేయమని నేను చెప్పను. అలాంటి శపథాలు కఠిన పథ్యం లాంటివి, మూడో వారంలో తెగుతాయి, తెగిన రోజు రెట్టింపు తింటాం. మీకున్నవి నిజానికి రెండు సరదాలు: బట్ట కొనడం, క్విల్ట్ కుట్టడం. రెంటికీ వేరువేరు పద్దు రాయండి. కుట్టే పద్దులో బ్యాటింగ్, దారం, సూదులు, లాంగ్‌ఆర్మ్ కూలి. దీనికి ముందు డబ్బు పెట్టండి. కొనే పద్దుకి మీరూ మీవారూ కలిసి నెలకింత అని తేల్చుకోండి. ఆ సొమ్ము నెలనెలా విడిగా పోగవుతుంది, అయితే ఒక క్విల్ట్ అంచు పట్టీ కుట్టడం పూర్తయిన రోజే దాన్ని ముట్టుకోవాలి. బాకీ తీరేవరకూ ఈ రెండో పద్దు సున్నా.

తగ్గింపు అమ్మకాల గురించి అడగలేదు కానీ చెప్తాను, ఎక్కువమంది జారేది అక్కడే. 100 విలువైన బట్ట 30 శాతం తగ్గింపుతో 70కే వచ్చింది. ఆరేళ్లు బీరువాలో ఉంది. అదే 70 ఏడాదికి 6 శాతం వడ్డీకి ఉంటే ఆరేళ్లలో 99 దాటుతుంది. అంటే తగ్గింపు మొత్తం ఎదురుచూపులోనే కరిగిపోయింది. ఈలోగా బట్ట ధర కూడా పెరుగుతుంది కదా అంటారు, నిజమే. కానీ ఆరేళ్ల తర్వాత ఆ ప్రింటునే మళ్లీ కొనేవాళ్లైతేనే ఆ లెక్క వర్తిస్తుంది.

పైగా నిల్వ ఊరికే జరగదు. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, రంగు వేయని చెక్క అరకి ఆనుకున్న చోట పసుపు మచ్చ పడుతుంది, తడి తగిలితే బూజు. గంజి పెట్టి దాస్తే వెండిలా మెరిసే సిల్వర్‌ఫిష్ పురుగులు వస్తాయి. ముందు వాడాల్సింది ముందు కొన్న బట్టనే, సరుకుల కొట్లో పాత నిల్వ ముందు అమ్మినట్టు.

డిక్కీలో పార్సిల్ విషయం నన్ను కిలోల కంటే ఎక్కువ కలవరపెట్టింది. బట్ట ఎంత ఉందో మీవారికి ఎలాగూ తెలుసు, బీరువా తలుపు మూసుకోకపోవడం ఆయనా చూస్తున్నారు. తెలియనిది బాకీ. తూకం వేసిన కాగితం, కార్డు బిల్లు రెండూ ఒకేసారి ఆయన ముందు పెట్టండి. ఆయనకీ తన సొంత సరదాలకి లెక్క చెప్పనక్కర్లేని సొమ్ము నెలకు అంతే ఉండాలని మీరే అడగండి. ఒకరికే కోత పెట్టిన బడ్జెట్ ఏ ఇంట్లోనూ నిలవదని, డబ్బు సలహాలిచ్చే నా వృత్తిలో పదేపదే చూశాను.

నీలం బట్ట అమ్మొద్దు. అది మీ 60, 80 క్విల్ట్‌కి అడుగున వేయాలంటే అర మీటరు తక్కువ. మధ్యలో ఇంకో రంగు పట్టీ ఒకటి అతికితే సరిపోతుంది. ఆ పట్టీ మాత్రం బీరువాలోంచే తీయండి.